ఐదో నంబర్ సెల్

మా భోజనం హోటల్ బయట ఒక నల్లబల్ల ఉండేది. ఆ రోజు కూరల పేర్లు దాని మీద రాయడం నా పని. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో మొదలైన ఆ పని డిగ్రీ అయిపోయిన తర్వాత కూడా నాకే ఉండిపోయింది. పొద్దున పదకొండు గంటలకి అమ్మ వంటగదిలోంచి కేకేసేది.

"దోసకాయ పప్పు, చిక్కుడుకాయ వేపుడు, కొరమేను పులుసు. బెండకాయ రాయకు, ముదిరిపోయినవి తెచ్చారు మీ నాన్న."

బల్లని లోపల నేల మీద పడుకోబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని రాసేదాన్ని. దాన్ని బయటికి మోసుకెళ్ళి గుమ్మం పక్కన తగిలించేది నాన్న. రోడ్డు మీద నిలబడి, అందరూ చూస్తుండగా రాయడం నా వల్ల అయ్యేది కాదు. ఒకసారి ప్రయత్నించాను. వెనకాల ఎవరో ఆగిన చప్పుడికి గట్టిగా నొక్కేసి సుద్దముక్క విరిచేశాను.

కానీ జనం ఆ బల్లని చదువుతుంటే కిటికీ వెనక నుంచి వినడం నాకు ఇష్టం. కోర్టు పని మీద బందరు వచ్చినవాళ్ళు, దివిసీమ బస్సు దిగి ఆకలితో నడిచొచ్చినవాళ్ళు, కాలేజీ లెక్చరర్లు, అందరూ దాని ముందు ఒక్క క్షణం ఆగేవారు. రోజూ మా దగ్గరే భోజనం చేసే ఒక ప్లీడరు గుమాస్తా గారు పైకి చదివేవారు. "ఏమండోయ్, మీ అమ్మాయి రాస్తే కాకరకాయ కూడా తినాలనిపిస్తుంది" అనేవారు నాన్నతో. ఊరితో నాకున్న మాటలన్నీ అవే. మిగతావన్నీ డైరీలో రాసుకునేదాన్ని. మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక సామాన్ల గదిలో బియ్యం బస్తాల మీద కూర్చుని, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం చదవడం, డైరీ రాయడం. ఆ గదికి కిటికీ లేదు. ఆ సంగతి అప్పట్లో నేను గమనించనే లేదు.

రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పోర్టు పనులు మొదలయ్యాక ఆ మాట నిజమైంది. ఒకరోజు టేపులు పట్టుకుని నలుగురు వచ్చి, కొలిచి, మా గోడ మీద ఎర్రరంగుతో గీత గీసి వెళ్ళారు. ముందు హాలు సగం గీతకి అవతల, రోడ్డు వైపు పడింది. నాన్న చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"పొమ్మనలేదుగా. కొంచెం వెనక్కి జరగమన్నారు, అంతే" అన్నారు చివరికి.

మా వీధిలో అందరూ వెనక్కి జరిగారు. కొందరు జరిగి, పైకి లేచారు. పాత లాడ్జి ఉన్నచోట అద్దాల కాఫీ షాపు వచ్చింది. గాజుల కొట్టు స్థలంలో బస్సు హోటల్ వచ్చింది. అక్కడ నిజం బస్సు సీట్ల మీద కూర్చుని తినాలి, బిల్లు కండక్టరు టికెట్ కొట్టినట్టు కొట్టి ఇస్తాడు. కొంచెం ముందుకెళ్తే, బొమ్మ రైలు మీద ప్లేట్లు వచ్చే హోటల్ ఇంకొకటి. ఆదివారం వాటి ముందు బళ్ళు పెట్టడానికి చోటుండేది కాదు. మా హాలు సగానికి తగ్గిన తర్వాత, లోపలికి ఒక పొడుగాటి సన్నటి గదే మిగిలింది. అందులో భోజనం చేసేవాళ్ళు రైలు పెట్టెలో కూర్చున్నట్టు మోచేతులు తగిలించుకుంటూ తినేవారు. కొన్నాళ్ళకి వాళ్ళూ తగ్గారు. గుమాస్తా గారు మాత్రం వచ్చేవారు.

అప్పుడు మావయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు. ముదినేపల్లి దగ్గర చేపల చెరువులు చేస్తాడు. ఎప్పుడూ నవ్వుతూ, ఎప్పుడూ నిలబడే మాట్లాడతాడు.

"బావగారూ, ఇప్పుడు జనం తినడానికి రావట్లేదు. ఫొటో దిగడానికి వస్తున్నారు. ఎలాగూ వచ్చాం కదా అని తింటున్నారు."

"అయితే స్టూడియో పెట్టు" అన్నారు నాన్న.

"స్టూడియో కాదు, జైలు పెడదాం."

అమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. "ఏం పెడతావురా?"

"జైలక్కా. జైలు మండి. ఈ పొడుగు గదిని ఆరు సెల్లులు చేస్తాం. ఇనప ఊచలు, తాళాలు. ఒక్కో సెల్లులో నేల మీద పరుపులు, మధ్యలో పెద్ద పళ్ళెం నిండా అన్నం, మటన్. నలుగురూ చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తింటారు. సర్వర్లకి చారల చొక్కాలు, జేబు మీద నంబర్లు."

"పెళ్ళాం పిల్లల్తో వచ్చి లాకప్పులో కూర్చుంటారా ఎవరైనా?"

"కూర్చోవడమేంటి, పుట్టినరోజులు చేసుకుంటున్నారు! విజయవాడలో నేను కళ్ళారా చూశాను. కేకు కోసి, ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి టాటా చెప్తున్నారు."

నాన్న కాదనడానికి ఒక మాట వెతుక్కోవడం నాకు కనిపించింది. మావయ్య అప్పటికే ఎవరెవరు ఏం చెయ్యాలో పంచేస్తున్నాడు. మండి వండడానికి వేరే వంటవాళ్ళు వస్తారు, అక్క పెరుగు పచ్చడి చూసుకుంటే చాలు. బావగారు ఖాకీ డ్రస్సు, టోపీతో జైలరుగా కౌంటర్లో ఉంటారు. నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నువ్వు ఫోన్ బుకింగులు చూడు. నువ్వెవరికీ కనపడక్కర్లేదు. ఫోన్లోనే."

నా సిగ్గు సంగతి తెలిసే, దయతోనే అన్నాడు. నేను తల ఊపాను. ఆ రోజు డైరీలో ఒకటే వాక్యం ఉంది: "తల ఊపాను."

గోడలు లేస్తున్న రోజుల్లో పేపర్లో ఒక ప్రకటన చూశాను. విజయవాడలో పుస్తకాలు వేసే సంస్థ ఒకటి ప్రూఫ్ రీడర్ కోసం చూస్తోంది. ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పంపాను. వాళ్ళు తప్పులున్న ఇరవై పేజీలు పంపి దిద్దమన్నారు. బియ్యం బస్తాల మీద కూర్చుని రెండు రోజులు దిద్దాను. పక్కగదిలో ఊచలు వెల్డింగ్ చేస్తున్నారు. తలుపు సందులోంచి నీలం వెలుగు వచ్చి పోతుండేది. ఆ వారంలోనే జవాబు వచ్చింది. మీ దిద్దుబాట్లు బాగున్నాయి, వచ్చే నెల ఒకటో తారీఖున చేరగలరా, ఆడపిల్లల హాస్టల్ దగ్గరలోనే ఉంది అని.

రోజంతా చదవడం. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అలాంటి ఉద్యోగం లోకంలో ఉందని, అది నన్ను పిలిచిందని నమ్మడానికి ఆ మెయిల్ ఎన్నిసార్లు చదువుకున్నానో. చేరతానని జవాబు రాసే ముందు నాన్నకి ఒక్క మాట చెప్పాలి. అంతే మిగిలింది.

మర్నాడు పొద్దున చెప్దామని వెళ్ళాను. నాన్న అద్దం ముందు ఖాకీ చొక్కా వేసుకుని చూసుకుంటున్నారు. బొత్తాలు పొట్ట దగ్గర బిగిసి ఉన్నాయి. "ఎలా ఉందమ్మా?" అని అడిగారు. బాగుంది నాన్నా అన్నాను. ఆ చొక్కా విప్పి, మడతపెట్టి, దాని మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నారు. ఆ చెయ్యి చూశాక చెప్పలేకపోయాను. ఆ తర్వాత రోజు ఆయనకి తలనొప్పి. ఆ తర్వాత రోజు వాన, గోడలు ఆరలేదని మావయ్య ఒకటే కేకలు. అన్నీ డైరీలో రాశాను, ఏ రోజుది ఆ రోజు.

హోటల్ తెరవడానికి మూడు రోజులుందనగా మావయ్య సెల్లులన్నీ చూసి పెదవి విరిచాడు.

"గోడలు మరీ పెళ్ళివారి గదుల్లా ఉన్నాయి. ఖైదీలు ఉన్నచోటంటే ఏవో గీకేసి ఉండాలి. ఇంట్లో ఇంత మంచి రాత పెట్టుకుని బయటి ఆర్టిస్టు ఎందుకు? అమ్మాయ్, బ్రష్షు పట్టు."

మొదటి నాలుగు సెల్లులకి తనే చెప్పాడు, నేను రాశాను. "మటన్ ముక్క దొంగిలించి లోపలికొచ్చాను." "మా ఆవిడ కన్నా జైలరే నయం." అలాంటివి. నాలుగో సెల్ సగంలో ఉండగా ఫోన్ వచ్చింది, చెరువు దగ్గర చేపల పట్టుబడికి లారీ వచ్చిందని. "మిగతావి నీకు తోచింది రాసెయ్, ఎవడు చదువుతాడు" అంటూ వెళ్ళిపోయాడు.

నాకేమీ తోచలేదు. ఐదో సెల్లులో గోడకేసి చూస్తూ కూర్చున్నాను. తలుపు తీసే ఉంది. ఊచల నీడ నా ఒళ్ళో పడుతోంది. గదిలో ఇంకెవరూ లేరు. పరుపులు ఇంకా రాలేదు. నేల చల్లగా ఉంది. నిజం చెప్పాలంటే, కొన్ని నెలల తర్వాత మొదటిసారి ప్రశాంతంగా అనిపించింది. సంచిలోంచి డైరీ తీశాను. చూసి రాయడం మొదలుపెట్టాను.

"ఇవాళ చెప్దామనుకున్నాను. ఆయనకి తలనొప్పి."

"ఇవాళ చెప్దామనుకున్నాను. వాన."

"ఇవాళ చెప్పేసేదాన్నే" అని డైరీలో ఉంటే, గోడ మీద "చెప్పేసేవాణ్ణే" అని మార్చాను. నాన్న అని ఉన్నచోటల్లా ఆయన అని పెట్టాను. అదొక్కటే నేను తీసుకున్న జాగ్రత్త. "తలుపు తీసే ఉంది. లేవబుద్ధి కావట్లేదు" అని కింద ఒక మూల రాశాను. పక్కన రోజుకో గీత. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. అలాంటి కట్టలు మూడు, ఆపైన రెండు గీతలు.

గోడ మీద రాసింది ఎవరూ చదవరని మావయ్య అన్నాడు, నేను నమ్మాను. నేను రాసిన బల్ల ముందు ఏళ్ళ తరబడి ఒక వీధి వీధంతా ఆగి చదివింది. ఆ సంగతి ఆ పూట నాకెందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ తెలియదు.

ప్రారంభం రోజు జనం విరగబడ్డారు. నేను కౌంటర్ వెనక, చెక్క తడిక చాటున ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే తడిక సందులోంచి తిన్నగా ఐదో సెల్ కనిపిస్తుంది. మొదట వచ్చిన కుటుంబంలో ఒకామె పళ్ళెం రాకముందే గోడ చదవడం మొదలుపెట్టింది.

"ఏమండీ, ఇటు చూడండి. వీడెవడో రోజూ ఏదో చెప్దామనుకుంటున్నాడు, చెప్పట్లేదు."

"ఎవరికి?"

"ఆయనకి అని రాశాడు. జైలరుకై ఉంటుంది."

"ఏం చెప్తాడు, ఉప్పు తక్కువైందనా?"

పెద్దగా నవ్వారు. నేను మోగని ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను. వాళ్ళు వెళ్తూ వెళ్తూ నాన్న దగ్గర ఆగారు. "జైలరు గారూ, ఐదో నంబర్ ఖైదీ మీకేదో చెప్పుకోవాలంటున్నాడండీ. పాపం, కాస్త వినండి."

నాన్న టోపీ సర్దుకుని నవ్వారు. "విందామండీ, తొందరేముంది" అన్నారు.

అది అందరి నోటా పడింది. ఫొటోలు తీసి పంపుకున్నారు. ఫోన్ మోగితే "ఐదో నంబర్ ఉందా అండీ?" అనే అడిగేవారు. ఖాళీగా ఉన్న రెండో నంబర్ ఇస్తామంటే, సాయంత్రం దాకా ఆగుతామనేవారు. మోపిదేవి గుడికి వెళ్ళి వస్తూ దారిలో ఆగిన వాళ్ళు కూడా అదే అడిగారు. ఖైదీ ఎవరై ఉంటాడని జనం రకరకాలుగా అనుకున్నారు. పారిపోవాలనుకుంటున్నాడని ఒకరు, నేరం తను చెయ్యలేదని చెప్పాలనుకుంటున్నాడని ఒకరు. ఎవరు ఎన్ని అనుకున్నా, చివరికి అందరూ నాన్నని ఆటపట్టించే వెళ్ళేవారు. నాన్న రోజుకి ఇరవై సార్లు అదే నవ్వు నవ్వేవారు. మూడడుగుల దూరంలో నేను ఫోన్‌లో చెప్పిన పేర్లు రాసుకునేదాన్ని.

గుమాస్తా గారు మండి తినరు. అయినా ఒక మధ్యాహ్నం వచ్చి, ఐదో సెల్లు ముందు నిలబడి, కళ్ళద్దాలు తుడుచుకుని మొత్తం చదివారు. తర్వాత నా తడిక దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"అమ్మలూ, కాకరకాయ రాసిన చెయ్యి నాకు తెలీదా?"

నేను రాసిన పేరే మళ్ళీ దిద్దాను.

"చెప్పెయ్ తల్లీ. గడువు దాటాక వేసిన కాయితం ఏ కోర్టులోనూ తీసుకోరు" అని వెళ్ళిపోయారు.

ఒకటో తారీఖు వచ్చింది. ఆ రోజు పొద్దున చెప్పాలనుకున్నాను. పదిన్నరకే ఒక పోర్టు కంపెనీ వాళ్ళు ఆరు సెల్లులూ కావాలన్నారు. సాయంత్రం దాకా ఫోన్ పెట్టలేదు. విజయవాడ వెళ్ళే బస్సు ఎన్ని గంటలకి ఉంటుందో నాకు తెలుసు. ఆ వేళకి గోడ గడియారం చూశాను. అప్పుడు ఫోన్‌లో ఒకాయన, పళ్ళెంలో ముక్కలు ఎన్నుంటాయని అడుగుతున్నాడు.

నాలుగో తారీఖు పొద్దున, హోటల్ తెరవకముందు, నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళాను. ఆయన మండి తినరు. అమ్మ ఇంట్లో చేసిన దోసకాయ పప్పు, అన్నమే ఇప్పటికీ. కౌంటర్లో లేరు. ఐదో సెల్లులో పరుపు మీద, టోపీ పక్కన పెట్టుకుని, గోడకి ఎదురుగా కూర్చుని ఉన్నారు. క్యారేజీ విప్పి ముందు పెట్టాను. రెండు ముద్దలు తిన్నారు.

"ఇక్కడ కింద ఎవరో పెన్నుతో రాశారు చూశావా?" అన్నారు.

వంగి చూశాను. నా చివరి గీతల పక్కన, ఎవరో కస్టమరు నీలం ఇంకుతో రాశారు: "చెప్పావా?"

నాన్న నా వైపు తిరిగారు. "చెప్పావా?"

చెప్పాను. అక్కడే, ఊచలు పట్టుకుని నిలబడి, ప్రకటన దగ్గర నుంచి మెయిల్ దాకా అంతా చెప్పాను. ఆయన అన్నం కలుపుతూనే విన్నారు, తినలేదు.

"ఆ ఆయన మీరేనని తెలుసా నాన్నా?"

"మొదటి రోజే తెలుసు. నీ రాత నాకు తెలీదా? ఆ బల్ల రోజూ బయటికి మోసింది నేనే కదమ్మా."

"మరి అడగలేదేం?"

ఎడమచేత్తో టోపీ ఒళ్ళోకి తీసుకున్నారు. "అడిగితే చెప్తావు. చెప్తే వెళ్తావు. ఈ టోపీ పెట్టుకుని ఇక్కడ ఒక్కణ్ణే..." ఆగారు. "ఎప్పుడు చేరాలి?"

"ఒకటిన."

నాన్న చేతిలో ముద్ద గిన్నెలో జారింది. ఆయనకి గడువు సంగతి తెలియదు. గోడ మీద నేను అన్నీ రాశాను, తారీఖు ఒక్కటే రాయలేదు.

"ఫోన్ చెయ్యి" అన్నారు. "నా ముందే చెయ్యి."

బుకింగుల ఫోన్ తోనే చేశాను. అవతల ఒకావిడ మర్యాదగానే మాట్లాడారు. మీ నుంచి జవాబు రాలేదు కదమ్మా, రెండో తారీఖున వేరే అమ్మాయిని తీసుకున్నాం, మీ పేజీలు మా దగ్గరే ఉన్నాయి, మళ్ళీ ఖాళీ వస్తే పిలుస్తాం, నంబర్ ఇదేనా అని అడిగారు. ఇదేనండీ అన్నాను. అవతలి మాటలన్నీ నాన్నకి వినపడ్డాయి. క్యారేజీ గిన్నెలు తనే ఒకదాని మీద ఒకటి పెట్టారు. వాటిని తప్పు వరసలో పెట్టి, మూత పట్టక, మళ్ళీ విప్పి పెట్టారు.

ఆ మధ్యాహ్నమే పెన్ను తీసుకెళ్ళి, ఆ నీలం ప్రశ్న కింద "చెప్పాను" అని రాశాను. మావయ్య చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యో, ఎందుకు రాశావే? సస్పెన్స్ అంతా పోయింది!"

పోలేదు. ఇప్పుడు జనం, ఆయనేమన్నాడు అని అడుగుతున్నారు. దాని కింద ఖాళీ జాగాలో తలా ఒక జవాబు రాసి పోతున్నారు. గుడివాడలో కూడా ఒక జైలు పెడదామని మావయ్య స్థలం చూస్తున్నాడు. అక్కడి గోడలకి కూడా నన్నే రాయమన్నాడు. నేను తల ఊపేలోగా నాన్న అన్నారు: "దాన్ని అడక్కు. బయటి వాళ్ళని పెట్టుకో." మావయ్య ఆశ్చర్యంగా చూశాడు. నాన్న టోపీ పెట్టుకుని కౌంటర్లోకి వెళ్ళిపోయారు.

ఐదో సెల్ గోడకి సున్నం వేయిద్దామని ఒకసారి అడిగాను. అది ఒక్కటే నడుస్తోంది, దాన్ని ముట్టుకోవద్దని మావయ్య చేతులు జోడించాడు.

కాబట్టి అది అలాగే ఉంది. నేను తడిక వెనకే ఉన్నాను. రోజూ ఎవరో ఒకరు నా వాక్యాలు పైకి చదువుతారు, కొందరు తప్పుగా చదువుతారు. ఫోన్ మోగినప్పుడల్లా నాన్న టోపీ కింద నుంచి నా వైపు చూస్తారు. అది విజయవాడ నుంచేమోనని. ఇవాళ పొద్దున కూడా అలాగే చూశారు. చేతిలో పెన్ను ఆపి, నేనేం మాట్లాడతానో వింటున్నారు.

"ఐదో నంబర్ ఉందా అండీ?" అని అడిగారు అవతల.

ఉందండీ అన్నాను. నాన్న మళ్ళీ రాసుకోవడంలో పడ్డారు.